ఒకే చెక్కలో గిటార్, బేస్: రెండు మెడలకూ వైరింగ్ ఎలా చేయాలి?

జంటమెడ, తిరువాన్మియూర్
శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎనిమిది నెలలుగా మా డాబా మీద చేస్తున్న డబుల్ నెక్ వాద్యం చెక్క పని పూర్తయింది. పై మెడ నాలుగు తీగల బేస్, స్కేలు (మోగే తీగ పొడవు) 34 అంగుళాలు. కింది మెడ ఆరు తీగల గిటార్, 25.5 అంగుళాలు. ఒళ్లంతా పనస. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లలో గిటార్ మెడకు రెండు హంబకర్లు (జంట చుట్టల పికప్‌లు), బేస్ మెడకు రెండు ముక్కల స్ప్లిట్ కాయిల్ పికప్ ఒకటి. ఒక్కో మెడకు ఒక వాల్యూమ్, ఒక టోన్.

ఎందుకు చేశానో చెబితే సలహా ఇవ్వడం సులువవుతుంది. మా ముగ్గురి బృందంలో బేస్ వాయించే మిత్రుడు ఉద్యోగం మీద పుణే వెళ్లిపోయాడు. పాట మొదట్లో బేస్ వరుస వాయించి దాన్ని లూప్ పెడల్‌లో (వాయించినదాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ మోగించే పరికరంలో) పట్టుకుని, దాని మీద గిటార్ వాయించాలని నా ఆలోచన. కొన్నిచోట్ల బేస్ తీగను ఖాళీగా మోగనిచ్చి, ఆ మోత ఆగేలోపు గిటార్ మీద స్వరాలు వేయాలి.

ఇప్పుడు రెండు మెడల సంకేతాలూ ఒక మూడు స్థానాల టోగుల్ స్విచ్‌కు చేరి, అక్కడి నుంచి ఒకే మోనో జాక్‌కు వెళ్తున్నాయి. చిక్కులు ఇవి. స్విచ్ మధ్యలో ఉంటే రెండు మెడలూ నీరసంగా, మూసుకుపోయినట్టు వినిపిస్తున్నాయి. అప్పుడే బేస్ వాల్యూమ్ సున్నాకు తెస్తే గిటార్ కూడా ఆగిపోతోంది. బేస్ టోన్ తగ్గిస్తే గిటార్ మొద్దుబారుతోంది. వీటన్నిటికీ తోడు హమ్, అంటే గుయ్‌మనే కరెంటు రొద. గిటార్ తీగలను ముట్టుకుంటే తగ్గుతోంది, బేస్ తీగలను ముట్టుకుంటే పెరుగుతోంది.

వాల్యూమ్ తిరగడం కూడా వింతగా ఉంది. పది నుంచి మూడు వరకు తేడా తెలియదు, అక్కడి నుంచి ఒక్కసారిగా పడిపోతుంది.

పాతరేడియో, చింతాద్రిపేట
శనివారం రాత్రి 10:25

తమ్ముడూ, లక్షణాలు వరుసగా చెప్పావు, సగం పని అయిపోయింది. హమ్ సంగతి ముందు తేలుద్దాం. ఆంప్ నుంచి కేబుల్ తీసేసి, మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టు. ఒక ముల్లు జాక్ బయటి వలయానికి, అంటే గ్రౌండ్‌కు. రెండో ముల్లు గిటార్ బ్రిడ్జ్‌కు. తరవాత బేస్ బ్రిడ్జ్‌కు. రెండు చోట్లా ఒక ఓమ్ లోపే రావాలి. బేస్ వైపు రాదని నా అంచనా.

ముట్టుకుంటే హమ్ తగ్గిందంటే ఆ తీగలు గ్రౌండ్‌కు చేరాయని అర్థం. మన ఒళ్లు గదిలోని 50 హెర్ట్జ్ కరెంటు రొదను యాంటెన్నాలా పట్టుకుంటుంది. తీగలకు గ్రౌండ్ ఉంటే మన ఒళ్లు కూడా ఆ గ్రౌండ్‌తో కలిసి పికప్‌కు అడ్డుగోడ అవుతుంది. గ్రౌండ్ లేకపోతే పట్టుకున్న రొదనంతా తీగల ద్వారా పికప్ పక్కకే తెచ్చి పెడుతుంది.

అలాగే ఒక్కో మెడ నిరోధాన్ని జాక్ దగ్గరే, వాల్యూమ్ పూర్తిగా తెరిచి కొలువు. పాట్‌ల (వాల్యూమ్, టోన్ కోసం తిప్పే నిరోధకాల) మీద ఏ అక్షరం ఉందో కూడా చూసి చెప్పు.

జంటమెడ
ఆదివారం ఉదయం 7:15

మాస్టారూ, మీ అంచనా నిజమే. గిటార్ బ్రిడ్జ్ దగ్గర సగం ఓమ్ కూడా లేదు. బేస్ బ్రిడ్జ్ దగ్గర మీటర్ అసలు కదలలేదు. విప్పి చూస్తే గ్రౌండ్ వైరు బ్రిడ్జ్ కిందే నలిగి ఉంది, కానీ బ్రిడ్జ్ అడుగున కూడా నల్ల రంగు పూత ఉంది. లోహానికి లోహం తగలలేదు. వైరు తగిలేచోట గరుకు కాగితంతో గీకి మళ్లీ బిగించాను. ఇప్పుడు 0.4 ఓమ్. హమ్ సగానికి పైగా తగ్గింది.

గిటార్ బ్రిడ్జ్ పికప్ 8 కిలో ఓమ్‌ల దగ్గర, బేస్ పికప్ 11 దగ్గర చూపిస్తున్నాయి. గిటార్ పాట్‌లు బి500కె, బేస్‌వి బి250కె.

పాతరేడియో
ఆదివారం ఉదయం 8:50

బి అంటే లీనియర్, తిప్పినంత మేర నిరోధం సమానంగా మారేది. మన చెవి శబ్దాన్ని లాగరిథమ్ లెక్కన వింటుంది కనుక వాల్యూమ్‌కు ఎ రకం, అంటే లాగ్ పాట్ కావాలి. మన చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ వీధిలో పాట్ అని అడిగితే బి రకమే చేతిలో పెడతారు, ఎక్కువ మంది కొనేది అదే. ‘ఎ500కె, లాగ్’ అని నోరు విప్పి అడగాలి. టోన్‌కు కూడా ఎ రకమే నయం.

ఇక అసలు సంగతి. రెండు మెడలను ఒకే బిందువులో కలిపావు. అక్కడ ఒకదానికి ఇంకొకటి బరువవుతుంది. పికప్ అంటే కొన్ని వేల చుట్ల సన్నని రాగితీగ, దానికి సొంత నిరోధం ఉంది. గిటార్ సంకేతం జాక్‌కు చేరేసరికి పక్కనే 11 కిలో ఓమ్‌ల బేస్ పికప్ గ్రౌండ్‌కు దారి తెరిచి కూర్చుంది. నిరోధాల వరకే లెక్క చూస్తే గిటార్‌కు 19లో 11 వంతులు, అంటే 58 శాతం మిగులుతుంది. బేస్‌కు 19లో 8 వంతులు, 42 శాతం. పై స్వరాలలో కాయిల్ ఇండక్టెన్స్ వల్ల లెక్క మారుతుంది కానీ నీరసానికి కారణం ఇదే.

బేస్ వాల్యూమ్ సున్నా చేసినప్పుడు దాని మధ్య కాలు నేరుగా గ్రౌండ్‌కు చేరుతుంది. ఆ కాలే ఉమ్మడి బిందువు కనుక గిటార్‌ను కూడా పూడ్చేస్తుంది. టోన్ కథా అంతే. 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఎవరి మెడదైనా, కలిసిన తరవాత అది ఇద్దరి పై స్వరాలనూ తాగుతుంది.

తీగలల్లిక, పెరంబూరు
ఆదివారం ఉదయం 11:05

దీనికి పాత చిట్కా ఉంది. వాల్యూమ్ పాట్‌లో రెండు కాళ్లు తారుమారు చేయండి. పికప్ మధ్య కాలికి, అవుట్‌పుట్ చివరి కాలికి. అప్పుడు ఒకటి సున్నా చేసినా రెండోది ఆగదు. ఒకే జాక్‌తో పని అయిపోతుంది. 1958లో గిబ్సన్ ఇడిఎస్-1275 మొదలుపెట్టినప్పటి నుంచి డబుల్ నెక్ అంటే ఒక స్విచ్, ఒక కేబుల్ అనేదే అలవాటు. వేదిక మీద రెండు కేబుళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి.

మంద్రస్థాయి, వడపళని
ఆదివారం మధ్యాహ్నం 1:30

తీగలల్లిక గారూ, ఆ పోలికతో నేను ఏకీభవించలేను. ఇడిఎస్-1275లో ఒక మెడ 12 తీగలు, ఇంకోటి 6 తీగలు. రెండూ గిటార్లే, రెండూ ఒకే ఆంప్‌కు సరిపోతాయి. ఇక్కడ ఒకటి బేస్. దాని కింది ఇ తీగ 41 హెర్ట్జ్. గిటార్ కింది ఇ 82. వెనక తెరిచి ఉన్న గిటార్ కాంబో ఆ 41ని మోయలేదు, గట్టిగా వాయిస్తే స్పీకర్ కోన్ కొట్టుకుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి డిస్టార్షన్, అంటే కావాలని శబ్దాన్ని గరుకుగా మార్చడం. రెండు వాద్యాలను కలిపి ఒకే డిస్టార్షన్‌లోకి పంపితే, రెండింటి పౌనఃపున్యాల మొత్తాలూ తేడాలూ కొత్త స్వరాలుగా పుడతాయి. ఎవరూ వాయించని స్వరాలు అవి. ఎంత మంచి పెడల్ అయినా బురదే మిగులుతుంది. విడివిడిగా డిస్టార్షన్ ఇచ్చి తరవాత కలిపితే ఆ బాధ లేదు.

కాళ్లు తారుమారు చేస్తే కూడా మూల్యం ఉంది. వాల్యూమ్ తగ్గించేకొద్దీ పాట్ పికప్‌ను గ్రౌండ్‌కు లాగుతుంది, పై స్వరాలు పోతాయి. ఒకదాని భారం ఇంకొకదాని మీద పడటం మాత్రం అలాగే ఉంటుంది.

అన్నిటికీ మించి, ఆయన అడిగింది లూప్ పెడల్ గురించి. ఒకే జాక్ అయితే లూప్‌లోకి ఏది వెళ్లాలో ఎలా విడదీస్తారు? బేస్ వరుస తిరుగుతుండగా గిటార్ వాయించాలంటే ఆ పెడల్ బేస్ దారిలో మాత్రమే ఉండాలి. అంటే మెడకొక జాక్, మొత్తం రెండు జాక్‌లు.

పనసచెక్క, అంబత్తూరు
ఆదివారం సాయంత్రం 5:10

మాది బొబ్బిలి. మా తాతగారు వీణలు చెక్కేవారు. పనస మీద డబుల్ నెక్ అనగానే ఆగి చదివాను. బొబ్బిలిలో కుండ, దండి అంతా ఒకే దుంగలో తొలిచే ఏకాండి వీణ ఉంది. మీరు చేసింది ఆ వరసలోదే అనిపించి ఆనందం కలిగింది.

విద్యుత్తు నాకు తక్కువ తెలుసు, కానీ రెండు జాక్‌ల మాటకు మన మద్రాసు ఉదాహరణే ఉంది. 1950లో ఇక్కడే పుట్టిన ఎల్. శంకర్ వాయించిన రెండు మెడల వయొలిన్‌కు పది తీగలు. 1980లో కెన్ పార్కర్ తయారుచేసిన ఆ వాద్యంలో డబుల్ బేస్ స్థాయి నుంచి వయొలిన్ స్థాయి వరకు ఉంది. దాన్ని స్టీరియోఫోనిక్ డబుల్ వయొలిన్ అంటారు.

ఒక హెచ్చరిక. ఒకే చెక్క కనుక గిటార్ వాయిస్తుంటే బేస్ తీగలు వాటంతట అవే కంపిస్తాయి. సితార్‌లో తరబ్ తీగలను ఆ పని కోసమే పెడతారు. మీకు అది అక్కర్లేని చోట బేస్‌ను స్విచ్‌తో ఆపవచ్చు, కానీ రెండూ తెరిచి ఉన్నప్పుడు ఆ మోత ఆగదు. బేస్ నట్ (మెడ కొనన తీగలు ఆనే పట్టీ) పక్కన తీగల కింద మెత్తని ఉన్నిగుడ్డ మడత ఒకటి దూర్చుకునేలా, తీసేసుకునేలా పెట్టుకోండి.

జంటమెడ
ఆదివారం రాత్రి 9:00

రెండు జాక్‌లకు మనసు ఒప్పుకుంది. ఇప్పుడు రెండు సందేహాలు. మా వీధి వినాయక చవితి పందిట్లో ఒకే ఆంప్ ఉంటుంది, అలాంటి చోట ఏం చేయాలి? రెండు ఆంప్‌లు పెట్టినచోట గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ వైర్లు రెండు దారుల్లో కలిసి వలయమై హమ్ తేవడం) వస్తుందని విన్నాను, రెండు మెడల గ్రౌండ్‌లను పూర్తిగా విడదీయవచ్చా?

తీగలల్లిక
ఆదివారం రాత్రి 9:35

మొదటి సందేహానికి: బేస్ వైపు స్విచ్ ఉన్న జాక్ వాడండి. అందులో ప్లగ్ లేనప్పుడు లోపలి పలక మూసుకుని ఉంటుంది. దాని ద్వారా బేస్ సంకేతాన్ని 100 కిలో ఓమ్‌ల నిరోధకం మీదుగా గిటార్ జాక్‌కు కలిపేయండి. బేస్ జాక్‌లో ప్లగ్ పెట్టగానే బంధం తెగి రెండూ విడిపోతాయి.

పాతరేడియో
సోమవారం ఉదయం 6:40

తీగలల్లిక గారి ఆలోచన అందమైనదే. మెడను ఆపే పద్ధతిని బట్టి అది చెల్లుతుందో లేదో తేలుతుంది. నేను చెప్పబోయే పద్ధతిలో చెల్లదు, అందుకే పూర్తిగా రాస్తున్నాను.

మెడల ఎంపికకు పెద్ద స్విచ్ వద్దు. మధ్యలో ఆఫ్ ఉన్న మామూలు మూడు కాళ్ల టోగుల్ చాలు. మధ్య కాలు గ్రౌండ్‌కు. ఒక చివర గిటార్ జాక్ వేడి కాలికి (సంకేతం మోసే కాలికి), ఇంకో చివర బేస్ జాక్ వేడి కాలికి. ఒక వైపు వేస్తే గిటార్ గ్రౌండ్ అయి నిశ్శబ్దం, ఇంకో వైపు వేస్తే బేస్ నిశ్శబ్దం, మధ్యలో రెండూ మోగుతాయి. పాసివ్ పికప్‌ను ఇలా షార్ట్ చేస్తే దానికి ఏ హానీ లేదు. పైగా ఆపిన మెడ దారిలో హమ్ కూడా ఉండదు, ఎందుకంటే ఆంప్ ఇన్‌పుటే గ్రౌండ్‌కు కట్టి ఉంటుంది.

ఇప్పుడు చూడండి. ఒకే కేబుల్ పెట్టి గిటార్‌ను ఆపితే గిటార్ జాక్ గ్రౌండ్ అవుతుంది. బేస్ కూడా ఆ జాక్ నుంచే బయటికి రావాలి కదా, అదీ మూగబోతుంది. దీన్ని దాటాలంటే స్విచ్ పెద్దదవుతుంది, నిరోధకాలు పెరుగుతాయి. కలపడం అనే పనిని చెక్క లోపల పెట్టకు తమ్ముడూ. బయట చిన్న పెట్టెలో టిఎల్072 చిప్ ఒకటి పెట్టుకో. అందులో రెండు ఆంప్లిఫయర్లు ఉంటాయి, మెడకొక బఫర్, అంటే సంకేతాన్ని నీరసపడకుండా ముందుకు పంపేది. వాటి తరవాత 10 కిలో ఓమ్‌ల నిరోధకాలతో కలిపితే ఒకదాని భారం ఇంకొకదాని మీద పడదు. 9 వోల్టుల బ్యాటరీ ఆ పెట్టెలోనే. పందిట్లో ఆ పెట్టె, పెద్ద వేదిక మీద రెండు ఆంప్‌లు.

రెండో సందేహానికి గట్టిగా చెబుతున్నాను: గ్రౌండ్‌లను విడదీయవద్దు. ఒక ఆంప్‌కు ఎర్త్ తెగి ఉందనుకో, దానిలో 230 వోల్టులు చాసిస్‌కు (లోహపు ఒంటికి) కారితే ఆ మెడ తీగలు కరెంటు తీగలవుతాయి. ఒక చేయి బేస్ మీద, ఒక చేయి గిటార్ మీద ఉంటే దారి గుండె మీదుగానే. లోపల గ్రౌండ్ కలిసి ఉంటే ఆ కరెంటు కేబుల్ బయటి లోహపు అల్లికలోంచి రెండో ఆంప్ మంచి ఎర్త్‌కు పోతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్‌సీ వేదిక మీద స్టోన్ ది క్రోస్ అనే రాక్ బృందం గిటారిస్ట్ లెస్ హార్వే ఎర్త్ లేని మైకు ముట్టుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. గ్రౌండ్ లూప్ హమ్ వస్తే రెండు ఆంప్‌లనూ ఒకే ప్లగ్ బోర్డుకు తగిలించు. అప్పటికీ ఉంటే ఒక లైనులో 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టు. ప్లగ్‌లోని మూడో పిన్నును, అంటే ఎర్త్‌ను మాత్రం ఎవరు చెప్పినా తీసేయవద్దు.

మంద్రస్థాయి
సోమవారం ఉదయం 8:05

మాస్టారి మాటకు బేస్ వాళ్ల తరఫున ఒకటి చేరుస్తాను. ఇ తీగ మూడో ఫ్రెట్‌లో జి స్వరం 49 హెర్ట్జ్. కరెంటు హమ్ 50. గిటార్ ఇ తీగ మూడో ఫ్రెట్ 98, దాని పక్కనే 100. ఫిల్టర్ పెట్టి హమ్‌ను కోసేస్తే ఆ స్వరాల ప్రాణం కూడా పోతుంది. అందుకే హమ్‌ను పుట్టినచోటే ఆపాలి. చెక్కలో పాట్‌లు, వైర్లు ఉండే రెండు గుంతలకూ రాగి రేకు వేయండి, గుంత నుంచి గుంతకు వెళ్లే వైరు షీల్డ్ ఉన్నదే వాడండి.

కొత్తగిటార్, తాంబరం
సోమవారం మధ్యాహ్నం 12:20

చదువుతూ చాలా నేర్చుకుంటున్నాను. రెండు జాక్‌ల బదులు ఒక స్టీరియో జాక్ పెట్టి, కొనకు గిటార్, రింగుకు బేస్ ఇస్తే ఒకే కేబుల్‌తో సరిపోదా? రెండు మెడల పికప్‌ల ఫేజ్ (తరంగాలు ఒకేసారి లేచి పడటం) కలవకపోతే శబ్దం సన్నబడుతుందా?

మంద్రస్థాయి
సోమవారం మధ్యాహ్నం 2:45

స్టీరియో జాక్ పని చేస్తుంది. కానీ ఎవరైనా మామూలు మోనో కేబుల్ తగిలిస్తే రింగు గ్రౌండ్‌కు షార్ట్ అయి బేస్ పోతుంది. రేపు బేస్‌కు యాక్టివ్ ప్రీఆంప్ (బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్లిఫయర్) పెట్టాలనుకుంటే ఇంకో చిక్కు. బ్యాటరీని ఆన్ చేయడానికి మామూలుగా వాడేది ఆ రింగునే, అది అప్పటికే బేస్ సంకేతానికి పోయి ఉంటుంది.

ఫేజ్ గురించి: ఒకే తీగను రెండు పికప్‌లు విన్నప్పుడే అది ముఖ్యం. ఆయన రెండు హంబకర్ల మధ్య తప్పక చూసుకోవాలి. బేస్ మెడ తీగలు వేరు, గిటార్ మెడ తీగలు వేరు కనుక మెడల మధ్య ఆ పట్టింపు లేదు.

జంటమెడ
శనివారం రాత్రి 11:10

వారం రోజుల పని రాస్తున్నాను.

మంగళవారం రిచీ వీధికి వెళ్లాను. లాగ్ పాట్‌లు మూడో దుకాణంలో దొరికాయి. ఆకుపచ్చ పాలియెస్టర్ కెపాసిటర్లు గిటార్‌కు 0.022, బేస్‌కు 0.047. పాసివ్ వాద్యంలో వోల్టేజి అంతంతమాత్రం, ఖరీదైనవి అక్కర్లేదని దుకాణం పెద్దాయనే చెప్పారు.

రాగి రేకు విషయంలో ఒక పూట వృథా అయింది. రేకు వెనక జిగురు కరెంటును పోనివ్వదు. ముక్క మీద ముక్క అతికించినంత మాత్రాన అవి కలవవు. మీటర్ పెడితే తొమ్మిది ముక్కల్లో నాలుగే గ్రౌండ్‌కు చేరాయి. ప్రతి అతుకు మీదా ఒక సోల్డర్ చుక్క పెట్టాక అన్నీ ఒకటయ్యాయి. పాట్ వీపు మీద నా 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలలేదు, ఆ లోహమంతా వేడిని లాగేసుకుంటోంది. సోల్డర్ 183 డిగ్రీలకే కరిగినా పాట్ చల్లగా ఉంటే అంటదు, మంచు బిందువులా పైన కూర్చుంటుంది. పొరుగింటి ఎలక్ట్రీషియన్ అన్న 60 వాట్లది ఇచ్చారు. గరుకు కాగితంతో రుద్ది, ఫ్లక్స్ రాసి, మూడు సెకన్లలో అయిపోయింది.

గురువారం మూత బిగించగానే బేస్ ఆగిపోయింది. విప్పితే మోగుతుంది, మూస్తే ఆగుతుంది. గంటసేపు వెతికాక తెలిసింది: మూత బిగిసినప్పుడు బేస్ జాక్ వేడి కాలు వంగి రాగి రేకుకు తగులుతోంది. ఆ కాలికి స్లీవ్ తొడిగి, ఎదురుగా రేకు మీద ఇన్సులేషన్ టేప్ వేశాను. రేకు వేసే ప్రతివారూ మూత మూసి, ప్లగ్ పెట్టి పరీక్షించాలి.

గ్రౌండ్‌లన్నీ గిటార్ వాల్యూమ్ పాట్ వీపు మీద ఒకేచోట కలిపాను: రెండు బ్రిడ్జ్‌లు, రెండు గుంతల రేకు, రెండు జాక్‌లు, టోగుల్ మధ్య కాలు. రెండు మెడల వేడి వైర్లు చెక్క లోపల ఎక్కడా కలవవు.

ఈ సాయంత్రం బేస్‌ను లూప్ పెడల్ మీదుగా ఒక ఆంప్‌కు, గిటార్‌ను ఇంకో ఆంప్‌కు ఇచ్చాను. ఎనిమిది మాత్రల బేస్ వరుస లూప్‌లో పట్టుకుని, టోగుల్ వేసి బేస్‌ను ఆపి, గిటార్ అందుకున్నాను. రెండు వాద్యాలూ విడివిడిగా, పూర్తి బలంతో వినిపించాయి. మొదట సన్నని గ్రౌండ్ లూప్ హమ్ ఉంది. రెండో ఆంప్‌ను కూడా మొదటి దాని ప్లగ్ బోర్డుకే తగిలిస్తే వినీ వినపడనంతగా తగ్గింది. పుణేలో ఉన్న మిత్రుడికి ఫోనులో వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పాతరేడియో
ఆదివారం ఉదయం 6:30

చాలా సంతోషం తమ్ముడూ. మీ ఇల్లు సముద్రం పక్కన కనుక ఒక్క మాట. ఉప్పుగాలికి జాక్ లోపలి పలకలు నల్లబడతాయి. ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానలు మొదలయ్యేలోపు ఒకసారి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్‌ను పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించు. టిఎల్072 పెట్టె పటం గీసి పెట్టాను, ఈ సాయంత్రం స్కాన్ చేసి ఇక్కడే ఉంచుతాను.

పనసచెక్క
ఆదివారం ఉదయం 9:15

ఆ వానల్లోనే పనస కొంచెం ఉబ్బుతుంది, మెడలు కదులుతాయి. అప్పుడు తీగల ఎత్తు మళ్లీ చూసుకోవాలి. ఉన్నిగుడ్డ మడత పెట్టారా?

జంటమెడ
ఆదివారం ఉదయం 9:50

పెట్టానండీ. అమ్మ పాత శాలువా అంచు, రెండు వేళ్ల వెడల్పు. బేస్ నట్ పక్కన దూరిస్తే తీగలు పూర్తిగా నిమ్మళించాయి. మాస్టారూ, పటం కోసం ఎదురుచూస్తుంటాను. చిప్‌లు రెండు ముందే కొని ఉంచాను.